మా ఇంటి కరణంగారు ఇల్లు మారిన కథ

చరిత్ర అనగానే మనకు కాకతీయులో కృష్ణదేవరాయలో గుర్తొస్తారు. ఈ రోజు నేను చెప్పబోయేది మా ఇంటి బేస్‌మెంట్‌లో రొద పెడుతూ ఉండే ఒక పాత కంప్యూటర్ చరిత్ర. నవ్వకండి. దాని వెనుక దాదాపు అరవయ్యేళ్ళ కథ ఉంది. దాని మూలంగా మా అమ్మాయి చేత నేను మాట పడ్డ కథ కూడా ఉంది.

నేను కంపెనీల నెట్‌వర్కులు చూసే పనిలో ఉన్నాను. ఆ పని చేయి తిరగాలని ఇంట్లోనే ఒక డొమైన్ కంట్రోలర్ పెట్టుకున్నాను. అదేమిటంటారా? మన ఊళ్ళలో వెనకటికి కరణంగారు ఉండేవారు చూడండి. ఏ పొలం ఎవరిది, ఎవరి వారసులెవరు, అన్నీ ఆయన దస్త్రాల్లోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవిని 1984లో తీసేశారనుకోండి. నెట్‌వర్కుకి డొమైన్ కంట్రోలర్ అలాంటి కరణం. "ఈ మనిషి ఫలానా" అని మిగతా కంప్యూటర్లకి సాక్ష్యం చెప్పేది అదే.

1993లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ తెచ్చినప్పుడు కరణం ఒక్కడే. ప్రధాన కంట్రోలర్ దస్త్రంలోనే మార్పులు రాయాలి, మిగతావాటి దగ్గర ఉండేవి నకళ్ళు. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. ఇక ఏ కంట్రోలర్‌లోనైనా రాయవచ్చు, అవి ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఆ చెప్పుకోవడానికి ఒక లెక్క ఉంది. ప్రతి కంట్రోలర్ తాను చేసిన ప్రతి మార్పుకీ వరస నంబరు వేస్తుంది. పక్కది "నీ దగ్గర 5000 దాకా విన్నాను" అని గుర్తు పెట్టుకుని, తరవాత 5001 నుంచి అడుగుతుంది. ఈ ఏర్పాటంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది: కాలం ముందుకే నడుస్తుంది.

ఇప్పుడు రెండో కథ. 1960లలో ఐబీఎం కేంబ్రిడ్జ్ కేంద్రంలో ఒక పెద్ద యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకోవడమెలా అని ఆలోచించారు. ఎవరికి వారికి ఒక సొంత కంప్యూటర్ ఉన్నట్టు భ్రమ కలిగించే సీపీ-40 అనే వ్యవస్థ 1967లో వాడకానికి వచ్చింది. వర్చువల్ మెషీన్‌కి మూలపురుషుడు అదే. 1972లో ఐబీఎం ఆ ఆలోచననే వీఎం/370గా మార్కెట్లోకి తెచ్చింది. ఒక యంత్రాన్ని ఇలా వర్చువల్‌గా నడపాలంటే దానికి ఏ లక్షణాలుండాలో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు 1974లో సిద్ధాంతం రాశారు. మన ఇళ్ళలో ఉండే ఇంటెల్ తరహా ప్రాసెసర్లు ఆ పరీక్షలో నెగ్గలేదు. 1998లో పుట్టిన వీఎంవేర్ వాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉపాయంతో ఆ లోటును దాటి 1999లో వర్క్‌స్టేషన్ విడుదల చేశారు. 2005 నుంచి ప్రాసెసర్లలోనే ఆ సదుపాయం రావడం మొదలైంది. ఇక వర్చువల్ సర్వర్లు మామూలైపోయాయి.

వర్చువల్ సర్వర్‌లో అందరినీ ఆకట్టుకునేది స్నాప్‌షాట్. యంత్రాన్ని ఉన్నపళాన ఫోటో తీసినట్టు తీసి, తేడా వస్తే ఆ క్షణానికి వెనక్కి వెళ్ళిపోవచ్చు. గొడవంతా ఇక్కడే. కాలం ముందుకే నడుస్తుందని నమ్మిన కరణాన్ని తెచ్చి, కాలాన్ని వెనక్కి తిప్పగల ఇంట్లో కాపురం పెట్టారు! 5000 దాకా రాసిన కంట్రోలర్‌ని 4000 దగ్గరికి తిప్పారనుకోండి. అది కొత్త మార్పుకి 4001 అని వేస్తుంది. పక్కది "ఇది నేనెప్పుడో విన్నదే" అని పట్టించుకోదు. రెండు దస్త్రాలూ చడీచప్పుడు లేకుండా వేరైపోతాయి. 2012లో విండోస్ సర్వర్‌లో దీనికి విరుగుడు వచ్చింది. వర్చువల్ యంత్రానికి ఒక తరం నంబరు ఉంటుంది. అది మారితే కంట్రోలర్ "నన్ను వెనక్కి తిప్పారు" అని గ్రహించి జాగ్రత్త పడుతుంది.

ఇవన్నీ చదివినవాణ్ణే నేను. ఇల్లు మార్చడం పద్ధతిగానే చేశాను. పాతదాని నకలు తీయకుండా, వర్చువల్ సర్వర్‌లో కొత్త కంట్రోలర్‌ని రెండోదిగా చేర్చాను. దస్త్రమంతా దానికి చేరాక అయిదు ప్రత్యేక బాధ్యతలనూ అప్పగించాను. ఇంట్లో అన్ని కంప్యూటర్లకీ కొత్త డీఎన్ఎస్ చిరునామా ఇచ్చాను. గడియారం కూడా సరిచూశాను, ఎందుకంటే అయిదు నిమిషాల కంటే తేడా వస్తే కెర్బెరాస్ లోపలికి రానివ్వదు. అన్నీ అయ్యాక పాతదానికి పదవీ విరమణ ఇచ్చి, రొద తగ్గిందన్న సంతోషంలో రీసైక్లింగ్‌కి పంపేశాను. అదే నా తప్పు. ఇంట్లో మళ్ళీ కరణం ఒక్కడే అయ్యాడు. చేతిలో ఒక స్నాప్‌షాట్ ఉంది కదా అని ధీమా.

మూడు నెలల తరవాత ఒక అప్‌డేట్ బెడిసికొట్టింది. అర్ధరాత్రి, నిద్రమత్తులో, ఆ స్నాప్‌షాట్‌కి తిప్పేశాను. పొద్దున్నే మా ఆవిడ లాప్‌టాప్ మీద "ఈ కంప్యూటర్‌కూ డొమైన్‌కూ మధ్య నమ్మకం తెగిపోయింది" అన్న అర్థంలో సందేశం. ప్రతి కంప్యూటర్‌కీ కంట్రోలర్‌తో ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది. అది మామూలుగా 30 రోజులకొకసారి మారుతుంది. లాప్‌టాప్ మూడు నెలలు ముందుకెళ్ళింది, కరణం వెనకే ఉండిపోయాడు. "మీ సంగతి దానికీ తెలిసిపోయిందన్నమాట" అంది మా ఆవిడ. లాప్‌టాప్‌ని డొమైన్‌లో మళ్ళీ చేరిస్తే ఆ చిక్కు తీరింది.

అసలు దెబ్బ మా అమ్మాయిది. దాని అకౌంట్ ఈ మూడు నెలల్లోనే తెరిచాను. దస్త్రంలో ఇప్పుడు ఆ పిల్లే లేదు. అదే పేరుతో మళ్ళీ తెరిచాను. అయినా దాని ఫోల్డర్ తెరుచుకోలేదు. వారం వారం ఫోన్లో నాయనమ్మ చేత చెప్పించుకుని రికార్డు చేసిన కథలు అందులో ఉన్నాయి. "అది నా పేరే కదా నాన్నా, నన్నెందుకు రానివ్వదు?" అని అడిగింది. ఏం చెప్పను? విండోస్ మనిషిని గుర్తు పట్టేది పేరుతో కాదు, అకౌంట్ పుట్టినప్పుడు ఇచ్చిన నంబరుతో. పేరు అదే, నంబరు వేరు. ఫైళ్ళు వేరే డిస్కులో భద్రంగానే ఉన్నాయి. నా అధికారంతో వాటిని స్వాధీనం చేసుకుని, మళ్ళీ దాని పేరున రాసిచ్చాను.

2012 నాటి విరుగుడు ఆ రోజు తన పని తాను చేసింది. కాలం వెనక్కి తిరిగిందని కంట్రోలర్‌కి తెలుసు. కానీ మరిచిపోయింది గుర్తు చేయడానికి పక్కన రెండోది లేదు. ఉండి ఉంటే "ఈ పిల్ల మనింటిదే" అని అదే చెప్పేది. యంత్రం ఫోటో ఇంటి జ్ఞాపకం కాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరు కరణాలు. వర్చువల్ సర్వర్‌లో ఒకరు, పుస్తకమంత పెట్టెలో విడిగా ఇంకొకరు. స్నాప్‌షాట్ జోలికి పోకుండా వారానికొకసారి సక్రమంగా బ్యాకప్ తీస్తున్నాను. మీ ఇంట్లో డొమైన్ కంట్రోలర్ ఉండకపోవచ్చు. ఫోటోలూ పెద్దవాళ్ళ గొంతులూ మాత్రం తప్పకుండా ఉంటాయి. ఈ శనివారం కాస్త చూడండి, వాటిని గుర్తు పెట్టుకునేది ఇంట్లో ఒక్కటేనా, రెండున్నాయా అని.