కంటికి ఆనని నెంబరు

1957లో బొంబాయి హైకోర్టు ముందుకు ఒక అసాధారణమైన వ్యాజ్యం వచ్చింది. రాజకీయ పార్టీలకు డబ్బు ఇచ్చుకోవడానికి వీలుగా తమ మెమొరాండం మార్చుకుంటామని టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ అడిగింది. ఒక వాటాదారు కాదన్నాడు. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాకు ఆ మార్పు ఏమాత్రం రుచించలేదు, కానీ అప్పటి చట్టంలో దాన్ని ఆపే నిబంధన లేదు. అనుమతి ఇస్తూనే ఆయన తీర్పులో ఒక హెచ్చరిక రాశారు. పెద్ద వ్యాపార సంస్థల సొమ్ము పార్టీల్లోకి ప్రవహించడం మొదలైతే ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న ప్రజాస్వామ్యానికి ఊపిరాడదనీ, పార్లమెంటు త్వరగా కళ్లు తెరవాలనీ ఆ హెచ్చరిక సారాంశం. మన దేశంలో ఎన్నికల చందాల కథను నేనైతే ఆ తీర్పు దగ్గరే మొదలుపెడతాను. ఆ తర్వాత జరిగిందంతా ఆ హెచ్చరికను ఒకసారి విని, పదిసార్లు పక్కనపెట్టిన చరిత్రే.

1960లో కంపెనీల విరాళాలకు ఒక పరిమితి పెట్టారు. 1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం వాటిని పూర్తిగా నిషేధించింది. మన ఆచార్య ఎన్.జి. రంగా తొలి అధ్యక్షుడిగా ఉన్న స్వతంత్ర పార్టీకి పారిశ్రామికవేత్తల అండ ఉండేది. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలుచుకుంది. నిషేధం వెనుక ఆ పార్టీ ఇంకా బలపడుతుందన్న భయం కూడా పనిచేసిందని చాలామంది పరిశీలకుల అభిప్రాయం. అయితే ఎన్నికల ఖర్చుకు ప్రభుత్వం డబ్బిచ్చే ఏర్పాటేదీ చేయకుండా ఉన్న దారి మూసేశారు. దాంతో చెక్కులు పోయి సూట్‌కేసులు వచ్చాయి. విరాళం నల్లధనంగా మారింది. 1985లో నిషేధం ఎత్తేసి, లాభాల్లో 5 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు. 2013 కంపెనీల చట్టం దాన్ని 7.5 శాతం చేసింది. కానీ అప్పటికే సూట్‌కేసుకు అలవాటుపడిన చేతులు మళ్లీ చెక్కుబుక్కు వైపు పూర్తిగా మళ్లలేదు.

మధ్యలో 1974 నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఢిల్లీ సదర్ నియోజకవర్గంలో గెలిచిన అమర్‌నాథ్ చావ్లా పరిమితి మించి ఖర్చుపెట్టారని ఓడిపోయిన కన్వర్‌లాల్ గుప్తా కోర్టుకెక్కారు. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని సుప్రీంకోర్టులో జస్టిస్ పి.ఎన్. భగవతి అక్టోబరు 3న తీర్పిచ్చారు. ఎంత న్యాయమైన మాట! పదహారు రోజులకే, అక్టోబరు 19న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్టీ ఖర్చును ఆ లెక్క నుంచి తప్పించింది. గోడ కట్టిన నెలలోనే దానికి గుమ్మం పెట్టేశారు.

ఇక 2017 ఫిబ్రవరి 1. బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ రెండు విషయాలు ప్రకటించారు. ఒక వ్యక్తి దగ్గర పార్టీలు నగదుగా 2,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. విరాళాల కోసం ఎన్నికల బాండ్లు అనే కొత్త పత్రాలు వస్తాయి. ఫలానా పార్టీకి ఇచ్చానని తెలిస్తే మరో పార్టీ కక్షకట్టవచ్చు, కాబట్టి దాత పేరు గోప్యంగా ఉంటే అందరూ బ్యాంకు ద్వారానే ఇస్తారని ప్రభుత్వ వాదన. ఆ భయం నిజమైనదే, కాదనను. కానీ మందు ఎక్కడ వేశారో చూడండి. కక్షకట్టగల శక్తి ఎక్కువగా ఉండేది అధికారంలో ఉన్నవాళ్లకు. వివరాలు దాచింది మాత్రం ఓటరు దగ్గర.

దీనికోసం ఫైనాన్స్ బిల్లులో భాగంగా నాలుగు చట్టాలు సవరించారు. రిజర్వు బ్యాంకు చట్టం మార్చి బాండ్ల జారీకి దారి చేశారు. ప్రజాప్రాతినిధ్య చట్టం మార్చి, బాండ్ల ద్వారా వచ్చిన సొమ్ము గురించి పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదన్నారు. ఆదాయపు పన్ను చట్టం మార్చి, బాండ్ల విషయంలో దాతల జాబితా ఉంచుకునే పని తప్పించారు. అన్నింటికన్నా పెద్దది కంపెనీల చట్టంలో మార్పు: 7.5 శాతం పరిమితి ఎత్తేశారు, ఏ పార్టీకి ఇచ్చారో ఖాతాల్లో రాయనక్కర్లేదన్నారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు, అందులో వాటాలున్న వాళ్లకు కూడా ఎవరికిచ్చారో తెలియదు. రాజ్యసభ సూచించిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చింది.

హెచ్చరించిన వాళ్లు లేకపోలేదు. బడ్జెట్‌కు రెండు రోజుల ముందు, జనవరి 30న రిజర్వు బ్యాంకు లేఖ రాసింది. ఎవరి చేతిలో ఉంటే వారి సొత్తయ్యే ఇలాంటి పత్రం నోటులాగా చేతులు మారుతుందని, కరెన్సీపై నమ్మకానికే అది చేటని అభ్యంతరం చెప్పింది. మే 26న ఎన్నికల సంఘం న్యాయశాఖకు రాస్తూ ఇది పారదర్శకతను వెనక్కి నడిపించే చర్య అంది. ఇవన్నీ ఫైళ్లలోనే ఉండిపోయేవి. నౌకాదళంలో పనిచేసి రిటైరైన కమడోర్ లోకేశ్ బత్రా లాంటివాళ్లు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి పెట్టి ఒక్కొక్క కాగితాన్నీ బయటికి లాగారు. ఈ కథలో నాకు అందరికన్నా గౌరవం కలిగేది ఆయన మీదే.

2018 జనవరి 2న పథకం నోటిఫికేషన్ వచ్చింది. మార్చిలో తొలి అమ్మకాలు. 1,000, 10,000, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల విలువల్లో స్టేట్ బ్యాంకు శాఖల్లో మాత్రమే దొరికేవి. కొనేవాళ్లు కేవైసీ వివరాలు బ్యాంకుకు ఇవ్వాలి, బాండు మీద మాత్రం పేరుండదు. పార్టీ దాన్ని 15 రోజుల్లో తన ఖాతాలో వేసుకోవాలి, లేకపోతే ఆ డబ్బు ప్రధానమంత్రి సహాయ నిధికి పోతుంది. గత ఎన్నికల్లో కనీసం 1 శాతం ఓట్లు వచ్చిన పార్టీలకే అర్హత. సామాన్యుడు వెయ్యి రూపాయలతో తన పార్టీకి అండగా నిలవచ్చని అనుకున్నవాళ్లున్నారు. చివరికి అమ్ముడైన మొత్తంలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లదే.

ఏప్రిల్‌లో ద క్వింట్ పాత్రికేయురాలు పూనమ్ అగర్వాల్ వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొన్నారు. మామూలు కంటికి అందులో ఏ నెంబరూ లేదు. ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపితే అతినీలలోహిత కాంతి కింద కుడివైపు పైమూలన అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నెంబరు మెరిసింది. ప్రతి బాండుకూ వేరే నెంబరు. అది నకిలీలను అరికట్టే భద్రతా చిహ్నం మాత్రమేనని, కొన్నవారితో గానీ పార్టీతో గానీ ముడిపెట్టి బ్యాంకు ఎక్కడా రాసుకోదని ఆర్థికశాఖ ప్రకటించింది. కానీ ఒకే నెంబరు అమ్మినచోటా, జమ అయినచోటా నమోదైతే చాలు, ఎవరు ఎవరికిచ్చారో తెలిసిపోతుంది. ఆ అవకాశం ఉన్నది ప్రభుత్వ బ్యాంకు దగ్గర, లేనిది ప్రజల దగ్గర.

అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్, కామన్ కాజ్, బాండ్లు తీసుకోనని నిలిచిన సీపీఎం సుప్రీంకోర్టుకు వెళ్లాయి. విచారణ ఏళ్లు పట్టింది. అంతలో ఒక లోక్‌సభ ఎన్నికలు, ఎన్నో శాసనసభ ఎన్నికలు ఈ బాండ్ల డబ్బుతోనే జరిగిపోయాయి. ఆ ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోలేం. చివరికి 2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని కొట్టేసింది. ఓటరు తెలుసుకునే హక్కు భావప్రకటన స్వేచ్ఛలో భాగమంది. కంపెనీలకిచ్చిన హద్దులేని స్వేచ్ఛను కూడా రద్దుచేసింది.

కోర్టు ఇమ్మన్న బాండ్ల వివరాలివ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది. అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయాక. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న జాబితాలు బయటికొచ్చాయి, వాటిలో నెంబర్లు లేవు. కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక మార్చి 21న నెంబర్లూ వచ్చాయి. ఎవరూ రాసుకోలేదన్న ఆ నెంబరే దాతనూ పార్టీనీ ఒకచోట నిలబెట్టింది.

జాబితాలో ఎక్కువ కొన్నది లాటరీ వ్యాపారంలో ఉన్న ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అందులో సగానికి పైగా బీజేపీకి, 195 కోట్లు బీఆర్ఎస్‌కు చేరాయి. కాళేశ్వరం, పోలవరం పనులు చేసిన సంస్థ అది. ఫలానా బాండు ఫలానా పనికి బదులని కోర్టులో ఎవరూ రుజువు చేయలేదు. దర్యాప్తు బృందాన్ని వేయాలన్న పిటిషన్లను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కానీ తన ఊరి మీదుగా కాలువ తవ్వుతున్న కంపెనీ తాను ఓటేసిన పార్టీకి ఎంతిచ్చిందో రైతుకు ఏళ్ల తరబడి తెలియకుండా ఉంచడం మాత్రం అన్యాయం. 2019 ఏప్రిల్ 12 నుంచి ఉన్న లెక్కల్లో బీజేపీకి 6,060 కోట్లు, బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు, వైఎస్సార్‌సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు వచ్చాయి. ప్రతిపక్షమైనా పాలకపక్షమైనా చేయి చాచని పెద్ద పార్టీ దాదాపు లేదు.

బాండ్లు పోయినా పని సగమే అయింది. 2018 మార్చి నుంచి 2019 ఏప్రిల్ 11 వరకు అమ్మిన సుమారు 4,000 కోట్ల బాండ్లను ఎవరు కొన్నారో బ్యాంకు నేటికీ చెప్పలేదు, కోర్టు కూడా అడగలేదు. శాసనసభ అభ్యర్థి ఖర్చు మన రెండు రాష్ట్రాల్లోనూ 40 లక్షలు దాటకూడదు, అతని పార్టీ ఖర్చుకు మాత్రం 1974లో తెరిచిన గుమ్మం ఇప్పటికీ పూర్తిగా మూతపడలేదు. మన ఎంపీలు ఓటడిగే రోజున వాళ్లను ఈ రెండింటి గురించీ అడగండి: ఆ 4,000 కోట్ల పేర్లు బయటపెట్టాలనీ, పార్టీ ఖర్చుకు చట్టంలో పరిమితి రాయాలనీ.