కె అంటే ఖుర్ద్, బి అంటే బుజుర్గ్

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కితే సడక్‌కు రెండు పక్కలా గుట్టలు, టేకు చెట్లు. నేరడిగొండ మీదుగా ఇచ్చోడ చేరేసరికి పత్తి చేలు. ఈ ఇలాఖా నీళ్లన్నీ కడెం వాగులో కలిసి కుంటాల దగ్గర జలపాతమై దూకుతాయి.

ఇచ్చోడ చుట్టూ ఊర్ల బోర్డులు చూడండి. ముఖ్రా కె, ముఖ్రా బి. ఆడెగావ్ కె, ఆడెగావ్ బి. ధాబా కె, ధాబా బి. ఈ కె, బి ఏమిటని అడిగితే ఆ ఊరి నౌజవాన్లలో చాలామంది నవ్వి ఊరుకుంటారు. కె అంటే ఖుర్ద్, చిన్నది. బి అంటే బుజుర్గ్, పెద్దది. రెండూ ఫార్సీ లఫ్జులే. సరిహద్దు దాటితే మరాఠీ వాళ్ల నోట్లో బుజుర్గ్ ‘బుద్రుక్’ అయింది. ఒకే పేరున్న రెండు మౌజాలను దఫ్తర్‌లో వేరు చేయడానికి ఈ గుర్తు. చిన్నా పెద్దా అన్నది ఆనాటి హిసాబ్. ఇవాళ దేశమంతా పేరు మోగుతున్నది మాత్రం ముఖ్రా ఖుర్ద్‌దే.

ఐర్లాండ్‌లో మన మౌజా లాంటిదాన్ని టౌన్‌ల్యాండ్ అంటారు. అలాంటివి అక్కడ 60 వేలకు పైగా ఉన్నాయి. వాటి పేర్లలోనూ ‘బెగ్’ అంటే చిన్న, ‘మోర్’ అంటే పెద్ద. 1824లో మొదలైన సర్వేలో ఇంగ్లీషు వాళ్లు ఐరిష్ పేర్లను తమ అక్షరాల్లోకి మార్చి రాసుకున్నారు. ఎక్కడైనా అంతే. ఊరికి పేరు పెట్టేది రైతు, దాన్ని కాగితం మీద ఖాయం చేసేది సర్కార్ కలం.

ఇచ్చోడ పేర్లలో ఎన్ని జబానులో చూడండి. సిరిచెల్మలో తెలుగు చెలిమ వినిపిస్తుంది, వాగు ఇసుకలో తవ్వుకునే నీటి గుంట. ఆడెగావ్‌లో మరాఠీ ‘గావ్’ ఉంది. ఇస్లాంనగర్ సంగతి చెప్పనక్కర లేదు. ఇంతమంది కలిసి బతికిన జాగా ఇది.

అయితే అదే కలం ఇంకో పని కూడా చేసింది. ఉర్దూ నా చదువు జబాన్, దాని మీద నాకున్న మొహబ్బత్ తక్కువేం కాదు. అయినా ఈ మాట చెప్పాలి. గోండులు కొన్నేళ్లు దున్ని, నేల బలం తగ్గితే బీడు వదిలి పక్కకు జరిగేవాళ్లు. ఆ బీడును దఫ్తర్ బంజర్ అన్నది, జంగ్లాత్ అన్నది. మనుషులున్న నేల కాగితం మీద ఖాళీ అయిపోయింది. కొమురం భీం పోరాటం ఈ నేల గురించే. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణమిచ్చాక హైమెండార్ఫ్ గూడేలు తిరిగి ఈ జుల్మ్‌ను పుస్తకాల్లోకి ఎక్కించాడు. లావణి పట్టాలు వచ్చాయి. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల కానూన్ వచ్చింది. (ఫస్లీకి 590 కలిపితే మన సన్ వస్తుంది.) అయినా జమీన్ జారిపోతూనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు తూటాలకు బలైన గోండులు అడిగిందీ అదే జమీన్.

ఉర్దూ మీడియం వాణ్ణని తెలిసి ఇప్పటికీ కొందరు పాత పహాణీ నఖల్ పట్టుకొని నా దగ్గరికి వస్తారు. 1954-55 నాటి ఖస్రా పహాణీ చాలాచోట్ల ఉర్దూలోనే ఉంది. పట్టాదార్ ఒకరు, కబ్జాదార్ ఒకరు, కైఫియత్ ఖానాలో ఒక చిన్న వాక్యం. ఆ వాక్యం మీదే ఒక ఖాందాన్ నాలుగెకరాలు నిలబడతాయి, లేదా పోతాయి. ఆ రాత చదవగలిగే బుజుర్గులు ఊరికొకరు కూడా మిగల్లేదు.

అందుకే నాదొక గుజారిష్. బోర్డు మీద ఖుర్ద్, బుజుర్గ్ అని పూరా రాయండి. అంతకంటే జరూరీ పని ఇంకొకటి ఉంది. ఆ పహాణీల్లో ఉన్నది ఉన్నట్టు, కైఫియత్‌తో సహా, తెలుగులోకి ఎత్తి రాయించండి. తన నేల గురించి సర్కార్ ఏం రాసుకుందో చదివే హఖ్ ఆ నేల దున్నేవాడికి ఉంది.