సికింద్రాబాద్ క్లబ్బు కేసు, మన రాస్కిల్ బిర్యానీ డబ్బులు

ఈ ఎపిసోడ్ ఎలా పుట్టిందో ముందు చెప్తా. మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే తమ్ముడొకడు స్టాడర్డ్ రోడ్డులో సరుకులు కొంటూ కనబడ్డాడు. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తాడు. "అన్నా, పోకర్ టోర్నమెంట్లు మానేసి క్యాష్ గేమ్‌లోకి మారదామనుకుంటున్నా. ఇంటికి నెలనెలా పంపాలి కదా, అందులో నిలకడగా వస్తుందంట" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయా. కొన్నేళ్ల కిందట నేనూ సరిగ్గా అదే మాట అనుకుని మారినవాణ్ణే.

పోకర్ తెలియనివాళ్లకి మన రమ్మీతో చెప్తా. 101 పూల్ ఆడారు కదా? అందరూ ఒకే మొత్తం కడతారు, 101 దాటినవాడు లేచిపోతాడు, చివరిదాకా మిగిలినవాడికి డబ్బు. టోర్నమెంట్ అలాంటిదే, కాకపోతే వందల మందితో. పాయింటుకి ఇంత అని ఆడి, ఆటకాటకి లెక్క తేల్చుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచిపోతే అది క్యాష్ గేమ్ పద్ధతి.

చాలామందికి టోర్నమెంటే అసలు పోకర్ అన్న భ్రమ ఉంది. చరిత్ర దానికి తలకిందులు. 19వ శతాబ్దంలో మిసిసిపి నది పడవల మీద ఆడిందంతా నోట్లు, నాణేలు ముందు పెట్టుకున్న ఆటే. లాస్ వేగస్‌లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ కేసినోలో 1970లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలెట్టినప్పుడు కూడా ఆడింది క్యాష్ గేమ్‌లే. ఎవరు గొప్ప ఆటగాడో ఆటగాళ్లే ఓటేసి చెప్పారు, జానీ మాస్‌ని ఎన్నుకున్నారు. ఓట్లతో తేలిన విజేత కథ పత్రికలవాళ్లకి రుచించదు కదా! 1971లో పద్ధతి మార్చారు. తలా 5,000 డాలర్లు కట్టి, చిప్స్ అయిపోయినవాడు బయటికి. మళ్లీ మాసే గెలిచాడు, ఈసారి బల్ల మీద. టోర్నమెంట్ అంత గట్టిగా నిలబడటానికి కారణం ఇదీ: దానికి ఒక మొదలు, ఒక ముగింపు, ఒక హీరో ఉంటారు.

ఆ హీరో కథ ప్రపంచమంతా పాకింది మాత్రం 2003లో. క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ ద్వారా ప్రవేశం సంపాదించి, 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. నాలాంటివాళ్లం ఆ కథ వినే కూర్చున్నాం. 839 మందిలో మిగతా 838 మంది పేర్లు మనకి ఎవరూ చెప్పలేదు.

మా తమ్ముడు విన్న మాటలో సగం నిజం ఉంది. టోర్నమెంట్‌లో డబ్బంతా పైనున్న కొద్దిమందికే పోతుంది. బాగా ఆడేవాడు కూడా వరసగా ముప్పై సార్లు ఉత్త చేతులతో రావచ్చు. క్యాష్ గేమ్‌లో ఎగుడుదిగుళ్లు చిన్నవి, ఇష్టమొచ్చినప్పుడు లేవొచ్చు. బాగా ఆడేవాడికి నిలకడ అక్కడే ఎక్కువ. తేడా ఏంటంటే, నిలకడగా గెలవొచ్చు, నిలకడగా పోగొట్టుకోనూవచ్చు.

రెండో సగం నా పుస్తకంలో దొరికింది. టోర్నమెంట్ రుసుము కళ్లకి కనబడుతుంది, రసీదు మీదే ఉంటుంది. క్యాష్ బల్ల మీద మాత్రం, చాలాచోట్ల, ప్రతి పాట్ నుంచీ నిర్వాహకుడు కొంత తీసుకుంటాడు. దాన్ని రేక్ అంటారు. మనం గెలిచిన కుప్పలోంచి తీస్తాడు కాబట్టి నొప్పి తెలీదు. ఉదాహరణకి తొమ్మిది మంది కూర్చున్నారు, గంటకి 30 చేతులు, చేతికి సగటున 5 డాలర్ల రేక్ అనుకుందాం. గంటకి 150 డాలర్లు బల్ల మీంచి మాయం. తలకి 16 డాలర్ల పైచిలుకు. న్యూజిలాండ్‌లో 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 23 డాలర్ల 50 సెంట్లు అయింది. అంటే ఎదుటివాణ్ణి గంటకి 16 డాలర్ల మేర ఓడిస్తేనే మనం సున్నా దగ్గర ఉంటాం. నేను రెండేళ్లు గెలుపోటములు రాసుకున్నా గానీ రేక్ ఒక్కనాడూ రాయలేదు. ఆ బల్ల మీద నిలకడైన ఆదాయం ఒకరికే ఉంది, ఆయన పేకముక్క పట్టుకోడు.

ఇది మన తెలుగువాళ్లకి కొత్త విషయం కాదండీ. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్లని పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబర్‌లో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు మన పేకాటరాయుళ్లందరికీ సగం నోటికొచ్చు: రమ్మీ మూడు ముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట. క్లబ్బుల గోడల మీద ఈ వాక్యమే బతికింది.

మిగతా సగం ఎవరూ చెప్పరు. కోర్టు అంతకన్నా జాగ్రత్తగా చూసింది క్లబ్బు వసూళ్లని. ముక్కలకీ, సదుపాయాలకీ, పొద్దుపోయాక కూర్చున్నందుకూ క్లబ్బులు కొంత తీసుకోవడం మామూలే, అది మితిమీరకపోతే తప్పు కాదంది. డబ్బు కట్టి ఆడే ఆట నుంచి ఇంటి యజమానో క్లబ్బో లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే మాత్రం నేరమవుతుందని కూడా అంది. ఆ కేసులో అంత రుజువు లేదు, అందరూ బయటపడ్డారు. ఆట నీ తెలివిదే కావచ్చు, కటింగ్ ఎవరిది అన్నదే ఆనాటి ప్రశ్న.

ఇక మన పేటకి వద్దాం. రాస్కిల్ చాలాకాలం మద్యం అమ్మకాలు లేని ప్రాంతం, చర్చిల పేట. 1999 ఓటింగ్‌లో గానీ అది మారలేదు. ఇక్కడ ఒక్క బారు కూడా లేని రోజుల్లోనే, 1996లో, సిటీలో కేసినో తెరుచుకుంది! ఇప్పుడు మనవాళ్లు ఇళ్లల్లోనూ ఆడుతున్నారు. ఇక్కడి 2003 గ్యాంబ్లింగ్ చట్టం స్నేహితులు ఇంట్లో సరదాకి ఆడుకుంటే ఒప్పుకుంటుంది, కట్టిన డబ్బంతా ఆడినవాళ్లకే తిరిగి పోవాలి, ఆట పెట్టినవాడు ఏమీ తీసుకోకూడదు. అందుకని "బిర్యానీ ఖర్చుకి పాట్‌కి రెండు డాలర్లు" అనే ఇళ్ల దగ్గర జాగ్రత్త తమ్ముళ్లూ. సికింద్రాబాద్‌లో జడ్జీలు చూసింది ఆ రెండు డాలర్ల లాంటి వసూళ్లనే.

ఊళ్లో ఫోన్లో ఆడుకుంటాలే అంటారా? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయి.

పోయిన ఆదివారం తమ్ముడు మా ఇంటికొచ్చాడు, లెక్కల పుస్తకం పట్టుకుని. తేదీ, తీసుకెళ్లింది, తెచ్చింది, మూడు గడులు నీటుగా గీసుకున్నాడు. ఎన్ని గంటలు కూర్చున్నాడో ఎక్కడా లేదు. అడిగితే కాసేపు ఆలోచించి, పెన్ను తీసుకుని నాలుగో గడి గీశాడు. నెలరోజులు రాసి తెస్తానన్నాడు. ఇంటికి పంపే డబ్బు మాత్రం ఈ నెల జీతంలోంచే, ముందే పంపేశాడట.