బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అన్న పేరు ఎందుకొచ్చింది

పొద్దున్నే బోరబండ సందుల్లో నడిస్తే పసుపు నంబరు పలకల కార్లూ, ఆటోలూ వరసగా కనిపిస్తాయి. పగలంతా జూబ్లీహిల్స్, ఫిలింనగర్ రోడ్లమీద తిరిగే బళ్లు రాత్రికి ఇక్కడికి చేరతాయి. ఈ ఇళ్లలో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అన్న మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. "ఎఫ్‌సీ అయిపోయింది" అంటే గడువు తీరిందని కావచ్చు, పరీక్ష గట్టెక్కిందని కావచ్చు. ఏదన్నది చెప్పేవాడి మొహం చూసి తెలుసుకోవాలి.

ఆ కాగితం ఇచ్చే ఎంవీఐని (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని) మన జనం ఎన్నో ఏళ్లుగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తున్నారు. ఆ పేరంటే నాకు గౌరవం. బండికి ఎన్ని హంగులున్నా ముందు తేలాల్సింది అది ఆగుతుందా లేదా అన్నదే. పాత పద్ధతిలో పరీక్ష కూడా అదే. కాస్త వేగం అందుకోగానే బ్రేకు కొట్టించేవారు. బండి ఏ పక్కకు లాగిందో, నేలమీద చక్రాల చారలు ఎలా పడ్డాయో చూసేవారు.

ఈ పరీక్ష చట్టంలోకి వచ్చిన కథా పాతదే. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటికి, బ్రిటిష్ ఇండియాలో 1914 నాటి మోటారు చట్టం నడుస్తోంది. 1939 చట్టం 38వ సెక్షను బస్సులకు, లారీలకు, అద్దె బళ్లకు ఒక షరతు పెట్టింది: ఎఫ్‌సీ లేకపోతే రిజిస్ట్రేషనే చెల్లదు. 1988 చట్టంలో ఆ షరతే 56వ సెక్షనయింది. కొత్త బండికి రెండేళ్లు, ఆ తర్వాత ఏడాదికోసారి అన్న లెక్క 1989 నియమాలది. 2018లో దాన్ని సవరించి, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా అన్నారు.

సొంత కారు దారి వేరు. దాని రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. అన్నేళ్లలో పొగ పరీక్ష తప్ప దాని బ్రేకుల వైపు ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరు. ఈలోగా కారు ముగ్గురు నలుగురి చేతులు మారవచ్చు. 29, 30 ఫారాల మీద సంతకాలు పడితే పేరు మారిపోతుంది. పదహారో ఏట మొదటిసారి పరీక్షకు నిలబడ్డ కారు తప్పితే, ఆ తప్పు కారుది కాదు, మన ఏర్పాటుది. రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు గానీ, మధ్యలో ఒక్కసారైనా చూద్దామన్న ఆలోచన మాత్రం రాలేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

పాత కారు ఎక్కడ తప్పుతుందో మెకానిక్కులకు బాగా తెలుసు. ఇంజను గురించి వాళ్లకు పెద్ద బెంగ ఉండదు. వెనక చక్రాల్లో వీల్ సిలిండర్ వాషరు అరిగి ఆయిలు కారుతుంది, ఆ తడి బ్రేకు షూలకు అంటుతుంది, ఒక చక్రం పట్టి రెండోది జారుతుంది. హ్యాండ్ బ్రేకు కేబులు వాడక తుప్పు పడుతుంది. టైరాడ్ అరిగి స్టీరింగు ఆడుతుంది. టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గిపోతుంది. రంగు వేయించి, లైట్లు మార్పించి తీసుకెళ్లిన కారు కూడా వీటిలో ఒకదాని దగ్గర ఆగిపోతుంది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు పడనంత తుప్పుంటే, అది ఇంకో తలనొప్పి.

బ్రిటన్ ఈ పనిని సరిగ్గా పాత కార్లతోనే మొదలుపెట్టింది. 1960లో పదేళ్లు దాటిన బళ్లకు ఎంఓటీ పరీక్ష పెట్టి, మూడే చూశారు: బ్రేకులు, లైట్లు, స్టీరింగు. తప్పిన బళ్లు మరీ ఎక్కువ కావడంతో ఏడాది తిరిగేసరికి ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు దించారు. ఇప్పుడు అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు పాత కారు కొనేముందు నంబరు కొట్టి, ఏ ఏడు ఎందుకు తప్పిందో ఇంట్లో కూర్చునే చదువుకుంటారు. మన దగ్గర కారు అమ్మేవాడి మాటే చరిత్ర. టెక్సాస్‌లో మాత్రం 2025 జనవరి నుంచి సొంత కార్ల భద్రతా తనిఖీనే ఎత్తేశారు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ కబురు ఇక్కడి ఇళ్లకూ చేరింది.

మన దేశంలో 2021 సెప్టెంబరులో యంత్రాలతో నడిచే తనిఖీ కేంద్రాలకు నియమాలు వచ్చాయి. చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు తొక్కితే కుడి ఎడమల పట్టు విడివిడిగా అంకెల్లో పడుతుంది. అధికారి కళ్లకు అందని తేడా కూడా అక్కడ దొరుకుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అన్న పేరుకు తగిన పనిముట్టు ఇన్నేళ్లకు వచ్చింది.

రోలర్లు లేనిచోట మెకానిక్కులు చేసే పరీక్ష ఒకటుంది. కారును ఎత్తు మీద ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీంచి కాలు మెల్లగా తీస్తారు. బోరబండలో అలాంటి ఎత్తుకు కొదవ లేదు. కారు అంగుళం కదిలినా, మిగతావేవీ చూడకుండా మొదట వెనక చక్రాలే విప్పుతారు.