కృత్రిమపట్టు – రాజరక్షణము

మన దామరచర్ల సీమ యొకప్పుడు నిజాం రాజ్యములోనిది. ఆ ప్రభుత్వము 1929లోఁ బారిశ్రామిక నిధిని నెలకొల్పి యంత్రశాలలకు మూలధన మొసఁగెను. అట్టి యాదరణమున 1946లోఁ గాగజ్‌నగరున సిర్‌సిల్క్ కర్మాగారము పుట్టి, సెల్యులోజునుండి కృత్రిమపట్టు నూలు దీసెను. స్వాతంత్ర్యానంతరము దిగుమతి నిర్బంధములును సుంకములును విదేశపు నూలు నడ్డగించినవి. మిల్లునకు నీడ దొరకెను. నూలు వెల పెరిగినప్పు డా భారము నేతగాని మగ్గముపైఁ బడెను.

అయినను 1985లో సిర్‌సిల్క్ మూఁతపడెను. సర్కారు భాగస్వామ్యమునఁ గమలాపురమున వెలసి, 1981 మొదలు రేయానునకు వలయు గుజ్జు చేసిన కర్మాగారమును 2014లో నాగెను. శ్రామిక కుటుంబములు దిక్కులేనివయ్యెను. ప్రాకారము పగవాని నాపును గాని లోనివానికి బలము నీయదు. కావున రక్షణము గోరువారు గడువును, నేతగాని మేలును గూడఁ గోరవలయును.