ఊరు మనదన్న వాడబిడ్డ

జమ్మికుంటల మన మీటింగుల 'ఊరు మనదిరా' పాడని రోజుందా? రాసిందెవరంటే చానామంది గద్దర్ అంటరు. కాదు తమ్మీ, గూడ అంజయ్య. 1955లో ఆదిలాబాద్ జిల్లా లింగాపురంల దళిత ఇంట్ల పుట్టిండు. కొలువు ఫార్మసిస్టుది. సర్కారు దవాఖానకు నేను రానని రాసిన పాట గూడ ఆయనదే!

ఒక ముచ్చట ఆలోచించుండ్రి. మన అవ్వ మాదిగవాడకెళ్లి బయలెల్లేటప్పుడు "ఊర్లెకు పోయొస్త" అంటది. అంటే తానున్నది ఊరు కాదన్నట్టు. వాడ మనదంటే దొరకేం నష్టం లేదు, వాడే మనల అక్కడ పెట్టిండు. ఊరు గూడ మనదంటేనే గడీకి దడ. పనిముట్లు, పనిజేసే చేతులు మనయైతే దొర పెత్తనమేందని అంజన్న నిలదీసిండు. 1978 జగిత్యాల జైత్రయాత్ర నడిచిన నేల ఇది. రైతుకూలీ సంఘాలు ఆ పాటను ఎత్తుకున్నయంటే ఊకెనే కాదు.

క్యూబా నల్లజాతి సల్సా గాయని సెలియా క్రూజ్ పాట నడుమ "అసూకర్!" అని కేకేసేది. అంటే చక్కెర. నల్లోళ్లను బానిసల జేసి చెరుకు కొట్టించిన దేశం అది. ఆమెకు చక్కెర, అంజన్నకు ఊరు.

2016 జూన్ 21న అంజన్న పోయిండు. మీ ఊర్ల ఈ పాట మొదలు పాడింది వాడలనా, గడీ ముంగటనా? ముసలోళ్లు ఉండంగనే అడిగి రాసిపెట్టుండ్రి.