రవ్వలకొండ గుహ వద్ద అచ్చమ్మ: వీరబ్రహ్మేంద్ర సంప్రదాయంలో అహంకార నివృత్తి కథలు

నంద్యాల నుంచి కడపకు పోయే రహదారిపై ఆళ్లగడ్డ దాటిన తరువాత చాగలమర్రి వస్తుంది. అక్కడి నుంచి వాయవ్యంగా కోవెలకుంట్ల మీదుగా పోతే బనగానపల్లె. దక్షిణంగా మైదుకూరు, దానికి తూర్పున కందిమల్లయ్యపల్లె, అంటే నేటి బ్రహ్మంగారి మఠం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గురువుగా గుర్తింపు పొందినది బనగానపల్లెలో. ఆయన సజీవ సమాధి కందిమల్లయ్యపల్లెలో. చాగలమర్రి ప్రాంతం ఈ రెండు క్షేత్రాల నడుమ ఉన్నందువల్ల స్వామి కథలు ఇక్కడ నాటకాలుగా, తత్త్వాలుగా, యాత్రికుల ముచ్చట్లుగా నిలిచి ఉన్నాయి. వాటిలో గరిమిరెడ్డి అచ్చమ్మ కథకు ప్రత్యేక స్థానం ఉంది. సంపద, కులం, అధికారం వల్ల కలిగిన గర్వం ఒక జ్ఞానక్షణంలో ఎలా తొలగుతుందో, ఎంతవరకు తొలగుతుందో ఆ కథ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వామి సమాధి చెందినది 1693 అని సంప్రదాయం చెబుతుంది. ఆయన జీవితం మనకు మఠచరిత్రల ద్వారా, మౌఖిక కథనాల ద్వారా, రాయలసీమ పల్లెల్లో తెల్లవార్లూ ఆడే బ్రహ్మంగారి నాటకం ద్వారా అందింది. 1984లో నందమూరి తారక రామారావు తీసిన చలనచిత్రం ఆ కథలను తెలుగునాడంతటా పరిచయం చేసింది. ఇవన్నీ భక్తుల కథనాలు. జరిగిన సంఘటనలకు సాక్ష్యాలుగా కంటె, ఒక సమాజం దేనిని గర్వమని భావించిందో, ఆ గర్వం ఎవరి ముందు తలవంచాలని కోరుకున్నదో తెలిపే సాక్ష్యాలుగా వీటిని చదవడం సమంజసం.

కథ అందరికీ తెలిసినదే. దేశసంచారం చేస్తూ బనగానపల్లె చేరిన యువకుడు ఒక ఇంటి అరుగు మీద రాత్రి నిద్రిస్తాడు. ఆ ఇల్లు గరిమిరెడ్డి అచ్చమ్మది. తెల్లవారి ఆమె ఎవరు నువ్వని ప్రశ్నిస్తుంది. పని కోసం వచ్చానంటే పశువుల కాపరిగా పెట్టుకుంటుంది. అతడు ఆవులను రవ్వలకొండకు తోలుకుపోయి, వాటి చుట్టూ గిరి గీసి, గుహలో కూర్చుని తాటాకుల మీద ముల్లుతో కాలజ్ఞానం రాసుకుంటాడు. ఆవులు గిరి దాటవు. ఒకనాడు అచ్చమ్మ అక్కడికి వెళ్ళి స్వయంగా ఆ దృశ్యం చూస్తుంది. ఇంతటివాణ్ణి పశువుల కాపరిగా చూశానే అని కుమిలి, మన్నించమని వేడుకుంటుంది. తరువాత ఉపదేశం కోరుతుంది. యాగంటి పరిసరాల్లో స్వామి ఆమెకు తత్త్వబోధ చేసిన చోటు ముచ్చట్ల క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. గురుశిష్యుల సంవాదానికి ‘ముచ్చట’ అనే ఇంటిమాట పేరుగా నిలవడం గమనించదగినది.

ఈ కథలో అచ్చమ్మ దుష్టురాలు కాదు. అరుగు మీద పడుకున్న అపరిచితుణ్ణి వెళ్ళగొట్టలేదు, పని ఇచ్చింది. ఆమె గర్వం ప్రత్యేకంగా కనిపించే గర్వం కాదు. అరుగు మీద పడుకున్నవాడు పనివాడే అయి ఉంటాడనీ, పనివాడికి తెలిసింది పని మాత్రమేననీ నమ్మడమే ఆమె గర్వం. భూవసతి గల కుటుంబాల్లో అది లోకమర్యాదగానే చలామణీ అవుతుంది. అందుకే ఆమెను కదిలించిన దృశ్యంలో నాకు ముఖ్యమనిపించేది ఆవులు గిరిలో నిలవడం కాదు, కాపరి రాస్తూ ఉండడం. మందను మాటతో నిలిపే నేర్పరులైన కాపరులను పల్లె ఎరుగును. తాటాకు మీద రాసే కాపరిని ఎరుగదు. అక్షరం ఒక వర్గానిదీ శ్రమ మరొక వర్గానిదీ అనే విభజన ఆ గుహలో ఆమె కళ్ళ ముందే తారుమారైంది.

స్వామి విశ్వబ్రాహ్మణ కుటుంబాలలో పెరిగినవాడన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. లోహం, కొయ్య, రాయి పనులు చేసే ఈ వర్గం వేదాధికారాన్నీ స్వంత పౌరోహిత్యాన్నీ కోరుకున్నందుకు దక్షిణాదిలో దీర్ఘకాలం ప్రతిఘటన ఎదుర్కొన్నది. శుభకార్యాలను తమవారి చేతనే జరిపించుకొనే హక్కుపై వచ్చిన వివాదంలో చిత్తూరు జిల్లా న్యాయస్థానం 1818లో వారికి అనుకూలంగా తీర్పు చెప్పిన విషయం ప్రసిద్ధం. పుష్పగిరి అగ్రహారంలో స్వామి ఊరేగింపును అడ్డుకున్నారనీ, అడ్డుకున్నవారే చివరకు తప్పు ఒప్పుకున్నారనీ చెప్పే కథకు ఈ వివాద చరిత్రే నేపథ్యం. బనగానపల్లె నవాబు కథ కూడా ఈ కోవలోనిదే. స్వామిని పరీక్షించదలచి నవాబు మాంసం నింపిన పళ్ళేన్ని మూతపెట్టి పంపగా, మూత తీసేసరికి అందులో పూలు కనిపించాయట. నవాబు లొంగిపోయి 70 ఎకరాల భూమి ఇచ్చాడని కొన్ని చరిత్రలు చెబుతాయి. ఎకరం లెక్క ఆంగ్లేయుల పాలనతో వచ్చింది కనుక, ఆ వాక్యం ఏ కాలంలో రాసినదో దానంతట అదే చెబుతున్నది.

ఈ రెండు కథలకూ అచ్చమ్మ కథకూ భేదం ఉంది. అగ్రహారీకులూ నవాబూ ఓడిపోయారు. మహిమ ముందు నిలవలేక ఒప్పుకున్నారు. నవాబు భూమి ఇచ్చి నవాబుగానే మిగిలాడు. అచ్చమ్మను ఎవరూ ఓడించలేదు. స్వామి ఆమెకు ఏమీ ప్రదర్శించలేదు సరికదా, ఆమె చూస్తున్నదని ఎరగకుండా తన పని తాను చేసుకుంటున్నాడు. ఆమె తనంతట తాను చూసి, తన చూపులోని లోపాన్ని తానే గుర్తించింది. ఆ తరువాత ఆమె స్థానమే మారింది. యజమానురాలు శిష్యురాలైంది.

ఇదే సీమలో వినిపించే మరొక కథను దీని పక్కన పెట్టి చూడవచ్చు. కాకతీయ ప్రతాపరుద్రుడు (పాలన 1289-1323) అహోబిలానికి దాపున ఉన్న రుద్రవరంలో విడిది చేసి, నిత్యనియమం ప్రకారం శివమూర్తిని బంగారంతో పోత పోయించగా అది నరసింహ రూపం దాల్చిందని అహోబిల స్థలకథ. అక్కడ మారవలసి వచ్చింది రాజు యొక్క శైవాభిమానం. దైవం ఒక రూపానికి కట్టుబడదని తెలియడంతో కథ ముగుస్తుంది. రాజుకూ అతని సేవకునికీ మధ్య దూరాన్ని ఆ కథ తాకదు. అచ్చమ్మ కథ ఆ దూరాన్నే తాకింది.

అయితే ఎంతవరకు తాకింది? అచ్చమ్మ పశ్చాత్తాపం జ్ఞాని చేత పశువులు కాయించినందుకు. రవ్వలకొండ మీద రాసుకునేవాడు కాక, కేవలం ఆకలితో వచ్చిన కాపరే ఉండి ఉంటే ఆమె వెనుదిరిగి ఇంటికి పోయి ఉండేది. స్వామి గురువైన తరువాత ఆ ఆవులను ఎవరు తోలుకుపోయారో కథ చెప్పదు. గౌరవం గుణాన్ని బట్టి రావాలి, పుట్టుకను బట్టి కాదు అన్నంతవరకు కథ వచ్చింది. గుణం బయటపడని మనిషి సంగతి దానికి పట్టలేదు. నా దృష్టిలో ఇది ఈ కథ పరిమితి. అదే సంప్రదాయంలోని తరువాతి కథలు ఆ పరిమితిని దాటడానికి ప్రయత్నించాయి. దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్దయ్యను స్వామి ప్రియశిష్యునిగా స్వీకరించాడు. తల్లిదండ్రుల ఫిర్యాదుపై కడప నవాబు పిలిపించగా సిద్దయ్య గురువును విడవలేదు. మాదిగ కక్కయ్య శరీరంలోని చక్రాల గురించి స్వామి బోధను చాటున విని, నిజం తేల్చుకోవడానికి భార్య దేహాన్నే కోసి చూశాడని భయంకరమైన కథ. కోపంతో నిలదీసిన కక్కయ్యకు స్వామి చక్రాలలోని దేవతలను చూపి, అతని భార్యను బ్రతికించి, శిష్యునిగా చేసుకున్నాడు. కక్కయ్యను గుణవంతునిగా గుర్తించిన తరువాత చేర్చుకోలేదు. అనుమానించినవాణ్ణి, నేరం చేసినవాణ్ణి చేర్చుకున్నాడు. కాని ఆ కథలో చనిపోయి బ్రతికిన స్త్రీకి మాట లేదు. అచ్చమ్మకు ప్రశ్నలు అడిగే చోటు దొరకడానికి ఆమె సంపద కూడా కారణమేమో.

జ్ఞానక్షణం తరువాత కూడా అచ్చమ్మ తల్లిగా మిగిలే ఉంది. చూపు లేని తన కుమారుడు బ్రహ్మానందరెడ్డిని స్వామి ముందు నిలిపి చూపు ప్రసాదించమని వేడుకున్నదనీ, స్వామి అనుగ్రహించాడనీ చెబుతారు. తత్త్వం విన్న తరువాత మహిమను కోరడం పైకి వెనుకడుగులా కనబడుతుంది. నిర్మోహాన్ని బోధించే మఠచరిత్రలు ఈ ఘట్టాన్ని దాచలేదు, మార్చలేదు. ఒకప్పుడు ఆజ్ఞ ఇచ్చిన నోరు ఇప్పుడు అడుగుతున్నది. కథకులకు ఆ మార్పు చాలినట్లుంది.

గురువు సమాధి తరువాత పీఠం ఆయన వంశంలోనే సాగింది. సిద్దయ్యకు దండం, కమండలం, పాదుకలు, ముద్రిక దక్కాయి. ఆయన ముడుమాలలో వేరుగా మఠం నెలకొల్పాడు. బనగానపల్లెలో అచ్చమ్మ ఇల్లు మఠమైంది. స్వామి రాసిన 14,000 కాలజ్ఞాన పత్రాలను ఆ ఇంటి ఆవరణలోనే పాతిపెట్టి పైన చింతమొక్క నాటారని సంప్రదాయం. యాత్రికులు నేటికీ ఆ చింతచెట్టుకు మొక్కి, రవ్వలకొండ చూసి, కోవెలకుంట్ల దారి పడతారు.